కొన్న రెక్కలు, కట్టిన రెక్కలు

నేడు మన పట్టణములలో డ్రోను ఎగురని పెండ్లిపందిరి అరుదు. మాంగల్యధారణవేళ పురోహితుని మంత్రమును వినువారికంటె తలయెత్తి ఆకాశమున గిఱ్ఱున తిరుగు ఆ యంత్రమును చూచువారే అధికముగా కనబడుచున్నారు. తిరునాళ్లయందును, రాజకీయసభలయందును, ఇండ్లస్థలముల ప్రకటనలయందును అది లేనిదే కార్యము శోభింపదను భావము ప్రబలినది. మంచిదే. క్రొత్త యంత్రమును చూచి భయపడి తలుపులు మూసికొను జాతికంటె తలయెత్తి చూచు జాతి మేలు. కాని అట్లు తలయెత్తి చూచిన వేయిమందిలో, ఇది ఆకాశమున నెట్లు నిలుచుచున్నది, దీనిని మనమేల కట్టగూడదు, అని తమ్ముతాము ప్రశ్నించుకొనువారెందఱు? ఆ ప్రశ్నను నేడు మేమడుగుచున్నాము. అడిగి ఊరకుండక సమాధానమును గూడ చెప్పదలచితిమి.

ఆకాశమునుండి ఛాయాచిత్రములు తీయు విద్యను నేర్వగోరు యువకునికి బజారు ఒక యుపదేశము చేయుచున్నది. ముందు యంత్రమును కొనుము, పిమ్మట నెగురవేయుము, చెడినచో దుకాణమునకు తెమ్ము, బాగుపడనిచో మఱొకటి కొనుము. మా యుపదేశము దీనికి తలక్రిందైనది. ముందు కట్టుము, పిమ్మట నెగురవేయుము, ఆ పిమ్మటనే చిత్రములు తీయుము. కొన్నవాడెల్ల యజమాని గాడు. కీలెఱిగినవాడే యజమాని. కీలెఱుగనివాడు రూకలిచ్చి తెచ్చుకొన్నను ఆ వస్తువు వానికి ఎరువు సొమ్మే. ఎరువు సొమ్ము బరువుచేటని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

ఈ విద్య పుట్టుకయే మా వాదమునకు ప్రథమసాక్ష్యము. 1858లో నాదార్ అను ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు పారిసు సమీపమున బెలూనునందు పైకెగసి భూమి చిత్రమును తీసెను. ఆ కాలమున గాజుపలకను తడియాఱకమునుపే కడుగవలసి యుండుటచే బెలూను గంపయే అతనికి చీకటిగదియైనది. 1888లో ఆర్థర్ బతూ అను మఱొక ఫ్రెంచివాడు తాను కట్టిన గాలిపటమునకు కెమెరాను తగిలించి, మెల్లగా కాలు వత్తిచే దాని తలుపు తెఱచుకొను నుపాయము పన్ని, తన యూరిని చిత్రించెను. 1906 ఏప్రిలులో భూకంపముచేతను అగ్నిచేతను సాన్‌ఫ్రాన్సిస్కో నగరము నాశనమైనపుడు జార్జి లారెన్సు అను అమెరికావాడు 17 గాలిపటములను వరుసగా ఎగురవేసి, 20 కిలోలకు పైబడిన కెమెరాను వానిచే పైకెత్తించి, ఆ శిథిలనగరమును ఒక్క చిత్రమున లోకమునకు చూపెను. ఈ మువ్వురిలో కావలసిన సాధనము బజారున సిద్ధముగా దొరకినవాడొక్కడును లేడు. సంక్రాంతికి గాలిపటము కట్టు బిడ్డలు మన యిండ్లలో లేరా? పుల్లను వంచుట, రెండువైపుల బరువు సరిచూచుట, దారపు ముడి ఎచట పడినచో పటము నిలుచునో కనుగొనుట: వైమానికశాస్త్రమునకు ఓనమాలివియే. ఆ బిడ్డలకు మీసములు వచ్చుసరికి ఆ చేతిపని ఎచటికి పోవుచున్నది?

దూరకాలపు మాటలేల యందురా? నేడు లోకమంతట డ్రోనులను నింపిన డీజేఐ అను చీనా సంస్థను 2006లో స్థాపించినవాడు ఫ్రాంక్ వాంగ్. హాంగ్‌కాంగు శాస్త్రసాంకేతిక విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్నపుడు, నమూనా హెలికాప్టరును నిలకడగా నిలుపు చిన్న పలకను చేయబూని, వసతిగృహపు గదిలోనే ఆ పనికి శ్రీకారము చుట్టెను. ఆ మఱుసటి యేట, 2007లో, బొంబాయి ఐఐటీ పూర్వవిద్యార్థులు ఐడియాఫోర్జ్ అను సంస్థను స్థాపించిరి. 2009 నాటి ‘త్రీ ఇడియట్స్’ చలనచిత్రమున విద్యార్థి కట్టినదిగా చూపిన డ్రోను వారిదే. పెట్టుబడి మాటలు పిమ్మటివి. రెండు కథలకును మొదలు మాత్రము బల్లమీద విడిభాగములు పఱచుకొని కూర్చున్న కుఱ్ఱవాడే. ఆ సినిమాను మన యూళ్లలోను వేలకొలది చూచిరి, కన్నీరు కార్చిరి. ఇంటికి వచ్చి బిడ్డ చేతిలోని స్క్రూడ్రైవరును లాగివైచి పరీక్షలకు చదువుకొమ్మనిరి!

ఇక మనలో మఱియొక తెగవారు కలరు. వారికి కట్టుటయు వలదు, కొనుటయు వలదు; పుష్పకవిమానము మాదేయని చెప్పికొన్న చాలును. పుష్పకము కవిభావనకు మకుటము, మాకును పూజ్యము. కాని ‘వైమానికశాస్త్ర’మను గ్రంథమును చూపి, అందలి విమానములు నిజముగా నెగిరినవని వాదించుట వేఱు. 1974లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన అయిదుగురు శాస్త్రజ్ఞులు ఆ గ్రంథమును పరిశీలించి, అది 1904కు పూర్వపుది కాదనియు, అందు వర్ణింపబడిన విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. ఆ నిర్ణయము చేసినవారు విదేశీయులు గారు, మనవారే. తాతలు నేతులు త్రాగిరని మూతులు వాసన చూపువారికంటె, 4 మోటారులను సరిగా తిప్పజూచు బాలుడు దేశమునకు వేయిరెట్లు సేవచేయుచున్నాడని మా దృఢవిశ్వాసము.

మఱి ఆ పని అంత దుర్లభమా? కాదు. ఇది పాఠశాల చదువుకొన్నవానికి అందని రహస్యము గాదని చూపుటకై కొంత వివరింతుము. ఒక చట్రము, దాని 4 కొనలయందు 4 మోటారులు, ప్రతి మోటారు వేగమును శాసించు ఈఎస్‌సీ యను పలక, నడుమ ఫ్లైట్ కంట్రోలరు, ఒక బ్యాటరీ, రిమోటు సంకేతము నందుకొను రిసీవరు. ముఖ్యమైన యంగము లివియే. 4 ప్రొపెల్లరులలో ఎదురుబొదురు మూలల రెండును సవ్యముగను, తక్కిన రెండును అపసవ్యముగను తిరుగవలెను. అన్నియు నొకే దిక్కున తిరిగినచో యంత్రదేహము వ్యతిరేకదిక్కున బొంగరమువలె తిరుగును. ముందునకు పోవలెనన్న వెనుకటి రెండింటి వేగము హెచ్చవలెను. ఉన్నచోటనే ముఖము త్రిప్పవలెనన్న ఒక మూలజంట వేగము హెచ్చి, రెండవ జంట వేగము తగ్గవలెను. ఈ హెచ్చుతగ్గులను క్షణమునకు వందలకొలది మారులు లెక్కించి దిద్దునదే ఫ్లైట్ కంట్రోలరు. ఆ పలకయందు నడుచు ఆర్డుపైలట్, పీఎక్స్4, బీటాఫ్లైట్ వంటి కార్యక్రమములు ఉచితముగా దొరకుటయే గాక, వాని మూలరచనను ఎవరైనను చదివి సవరించుకొనునట్లు లోకమునకు విడువబడియున్నవి. వెనుకటి కాలమున విద్యను దాచిరని నిందించితిమి. నేడు తెఱచిపెట్టిన విద్యను చదువకుండుటకు ఎవరిని నిందింతుము?

కట్టువాడు పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. మోటారులన్నియు కలిసి యంత్రపు మొత్తము బరువునకు ఇంచుమించు రెట్టింపు నెత్తగలిగి యుండవలెను; లేనిచో గాలి వీచినపుడు నిలువదు. బల్లమీద పరీక్షించునపుడు ప్రొపెల్లరులను ఊడదీసి పక్కన పెట్టవలెను. ఈ నియమమును వాడు మఱచినను వాని వ్రేళ్లు మఱవవు. లిథియం పాలిమర్ బ్యాటరీ యెడ నిప్పుయెడ నుండు జాగ్రత్త కావలెను. సెల్లు ఒక్కింటికి 4.2 వోల్టులకు మించి నింపరాదు. ఊరక నుంచునపుడు 3.8 వోల్టుల దగ్గఱ నుంచవలెను. ఉబ్బినదానిని మఱల వాడరాదు. ఛార్జింగునకు పెట్టి నిదురపోరాదు. రిమోటు సంకేతము తెగినపుడు యంత్రమేమి చేయవలెనో ముందే నిర్ణయించి పరీక్షింపవలెను. ఎగురవేయుటకు మునుపు కంప్యూటరుపై సిమ్యులేటరున కొన్నివారములు సాధన చేయవలెను. అచట వేయిమారులు కూలినను కాసు ఖర్చులేదు. పిమ్మట జనములేని మైదానమున, గాలిలేని యుదయమున, తలయెత్తునకు మించక నిలుపుట నేర్వవలెను. యంత్రము ముఖము మనవైపు తిరిగినపుడు కుడియెడమలు తారుమారగును. ఆ తికమక తీఱువఱకు కెమెరా మాటయే తలపెట్టరాదు.

కొన్న యంత్రమున నీ బాధలేవియు లేవు గదా యని బజారువాడు నవ్వవచ్చును. నిజమే, ఉపగ్రహ సంకేతముల యాధారమున నది తనంతట తానే నిలుచును, తనంతట తానే తిరిగివచ్చును. అనర్థమంతయు అచటనే యున్నది. ఇనుపకడ్డీలు నిండిన డాబాపై నుంచి లేపినపుడు దాని దిక్సూచి తప్పవచ్చును. ఎత్తైన కట్టడముల సందున ఉపగ్రహ సంకేతము చెదరవచ్చును. అపుడది చూచుచుండగనే ప్రక్కకు కొట్టుకొనిపోవును. కట్టి నేర్చినవాడు కారణమూహించి, చేతి నైపుణ్యముతో దానిని దింపగలడు. కొని ఎగురవేయువాడు రిమోటు చేతబట్టుకొని నోరు తెఱచి చూచును. క్రింద నున్నది పెండ్లిపందిరి. పందిరిక్రింద నున్నవారు ముసలివారు, పసిబిడ్డలు. కావున నిర్మాణజ్ఞానము వినోదమాత్రము గాదు. పరుల ప్రాణములయెడ కర్తవ్యము.

చిత్రముల విషయమున గూడ నింతియే. ప్రొపెల్లరుల తూకము సరిగా లేనిచో కలుగు వణకు చిత్రమునకు పాకును. కెమెరాను నిలుపు గింబల్ అంతయు కప్పిపుచ్చజాలదు. కట్టినవాడు వణకునకు మూలము వెదకును. కొన్నవాడు కెమెరాను నిందించును. మధ్యాహ్నపు టెండలో పైనుండి చూచిన భూమి నేలపై పఱచిన గుడ్డవలె చదునుగా కనబడును. ఉదయ సాయంకాలముల ఏటవాలు వెలుగులో పొలపు గట్టులు, చెఱువుకట్టలు, పాతకోటల గోడలు తమ నీడలతో లేచి నిలుచును. ఒక గ్రామమునకు పటము తయారుచేయదలచినచో ఒక్కొక్క చిత్రము తన ముందరి చిత్రముతో నూటికి 70, 80 పాళ్లు కలియునట్లు వరుసలుగా తీయవలెను. ఆ చిత్రములను జోడించి కొలువదగిన పటముగా మార్చు ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ అను సాధనము గూడ ఉచితమే.

ఈ పటముల మాట వచ్చినది గావున పాఠకులు ఒక సంగతిని ఆలోచింపవలెను. 2020 ఏప్రిలు 24న కేంద్రప్రభుత్వము స్వామిత్వ పథకము నారంభించి, పల్లెల నివాసస్థలములను డ్రోనులచే కొలిపింప మొదలిడినది. అదే సంవత్సరము డిసెంబరులో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన భూముల రీసర్వేయందును డ్రోనులే ఎగిరినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినపుడు నీటనడుమ చిక్కినవారికి ఆహారము నందించుటకును డ్రోనులు వాడబడినవి. అనగా మన హద్దురాళ్లను, మన యింటి కొలతలను, మన యాపదలను ఇకపై ఆకాశమునుండి చూచు కన్ను నిర్ణయించుచున్నది. ఆ చిత్రమెట్లు తీయబడునో, ఎందు తప్పు దొరలునో, నీడ యేది గట్టు ఏది యని చెప్పగలవాడు ఊరికొక్కడైనను లేనిచో, రైతు ఆ పటమును వేదవాక్యముగా నంగీకరింపవలెను. లేదా కారణము చెప్పలేక గొణుగుకొనవలెను. కరణము చేతి లెక్కలు తమకు తెలియక మన తాతలు పడిన యిక్కట్లు చాలవా? యంత్రము చేతి లెక్కలు తెలియక మనుమలు గూడ పడవలెనా?

చట్టము అడ్డమని కొందఱందురు. ఈ మాట యొకప్పుడు నిజము. 2014 అక్టోబరులో పౌరవిమానయాన శాఖాధికారులు పౌరులు డ్రోనులెగురవేయుటను నిషేధించిరి. 2018 డిసెంబరు 1 నుండి గాని ఆ నిషేధము సడలలేదు. ఆ 4 సంవత్సరములలో చట్టమునకు లోబడు నిర్మాత చేతులు ముడుచుకొని కూర్చుండగా, పరదేశముల నిర్మాతలు ఆకాశము నాక్రమించిరి. భయముచే చేసిన శాసనమునకు ఫలమిట్లే యుండును. కాని 2021 ఆగష్టు 25న ప్రకటింపబడిన డ్రోను నియమములు చాలవఱకు ఆ సంకెళ్లను సడలించినవి. 250 గ్రాములకు మించని దానిని నానో యనియు, అంతకు మించి 2 కిలోల వఱకు గల దానిని మైక్రో యనియు అవి విభజించినవి. నానో నెగురవేయుటకును, మైక్రోను వ్యాపారమునకు గాక వాడుటకును పైలటు పత్రము అక్కఱలేదనినవి. పచ్చని మండలముగా గుర్తింపబడిన చోట 400 అడుగుల వఱకు ముందనుమతి లేకయే ఎగురవేయవచ్చుననినవి. విమానాశ్రయపు టెల్లకు 8 మొదలు 12 కిలోమీటరుల నడుమ ఆ పరిమితి 200 అడుగులు. ఎఱ్ఱని మండలమున కేంద్రప్రభుత్వ మనుమతి లేనిదే అడుగు పెట్టరాదు. నమోదు సంఖ్య మాత్రము పొందవలెను. పెండ్లిండ్లలో మైక్రో యంత్రముతో జీవనము చేయువాడు శిక్షణ పొంది పత్రము సంపాదించుట న్యాయమే. బండి నడుపువానికి లైసెన్సు వలదందుమా?

మా యాక్షేపణకు అసలు గుఱి చట్టము గాదు, మన కళాశాలలు. ప్రభుత్వగుర్తింపు గల విద్యాసంస్థ పరిశోధనకై తన యావరణలోగాని, తన యధీనమందున్న బయటి మైదానముననుగాని, పచ్చని మండలమున డ్రోను నెగురవేయునపుడు నమూనా ధ్రువపత్రము, నమోదు సంఖ్య, పైలటు పత్రము, ముందనుమతి ఏదియు నక్కఱలేదని ఆ 2021 నియమములే మినహాయింపు నిచ్చినవి. ఇంతకంటె విశాలముగా తలుపు తెఱచుట యెట్లు? అయినను మన యింజనీరింగు కళాశాలలలో ఎన్నింటియందు ఈ మినహాయింపును గూర్చి విద్యార్థులకు చెప్పిరి? వార్షికోత్సవమునాడు ముఖ్యాతిథిపై పూలుచల్లుటకు ఒక యంత్రమును అద్దెకు తెచ్చుట, మఱునాడు దానిని పత్రికలలో ‘సాంకేతిక ప్రగతి’గా ప్రకటించుకొనుట, కట్టుటకు బదులుగా కట్టినట్లు నివేదిక వ్రాయించి మార్కులు వేయుట: ఇదియా విద్య? 2024 అక్టోబరులో విజయవాడ పున్నమిఘాటున 5,500 డ్రోనులు ఒక్కసారిగా లేచి ఆకాశమున బొమ్మలు చిత్రించినపుడు కృష్ణాతీరమున నిలిచి చూచి గర్వింపనివారు లేరు. ఆ గర్వము తప్పుగాదు. కాని 5,500 డ్రోనులను చూచిన కన్నులకంటె ఒక్క డ్రోనును కట్టిన చేతులు దేశమునకు ఎక్కువ విలువగలవి. చూపులతో జాతులు పెరుగవు.

విడిభాగములన్నియు పరదేశమునుండి వచ్చుచుండగా నిది స్వదేశనిర్మాణ మెట్లగునని అడుగువారికి సూటిగా సమాధానమిత్తుము. 2022 ఫిబ్రవరి 9న ప్రభుత్వము సిద్ధపు డ్రోనుల దిగుమతిని, పరిశోధన, రక్షణ, భద్రతావసరములకు దక్క, నిషేధించినది. విడిభాగములకు మాత్రము అడ్డులేదు. దీనిని ఆసరాగొని పరదేశపు పెట్టెలను విప్పి, మఱలు బిగించి, పైన త్రివర్ణపు చీటి యంటించి స్వదేశియని అమ్ముట వంచన. దానిని మేము సమర్థింపము. కాని విద్యార్థి తన బల్లమీద పరదేశపు మోటారును బిగించుట ఆ వంచన గాదు, అది అక్షరాభ్యాసము. నేడు మోటారును బిగించినవాడు రేపు దాని తీగెచుట్టును విప్పి చూచును; ఎల్లుండి తానే చుట్టును. నూలు వడుకుట నేర్వనివాడు మగ్గము నెట్లు పెట్టగలడు? వడుకుటతోనే ఆగిపోయినవానిని నిందింపుడు. వడుక మొదలిడినవానిని నిందింపకుడు.

అపాయమునుగూర్చిన భయము మూడవది. 2025 మే మాసమున భారత పాకిస్తానముల సంఘర్షణలో ఉభయపక్షములును డ్రోనులను ప్రయోగించుటను లోకము చూచినది. ఆ పిమ్మట ఆకాశమున చిన్న చప్పుడైనను జనులు ఉలికిపడుట సహజము. సరిహద్దులందును, సైనికస్థానములందును కఠినశాసన ముండవలసినదే. కాని యుద్ధము నేర్పిన పాఠమేమి? డ్రోనులను కట్టనేర్చిన జాతికి రక్షణ కలదు, కొనుక్కొను జాతికి లేదనుటయే గదా! అట్లుండగా కట్టువానిని అనుమానించుట కంచెను పీకి చేను కాపాడబూనుటవంటిది. 2025 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము డ్రోనులకై క్రొత్తబిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయమునకై విడుదలచేసినపుడు అందలి శిక్షల తీవ్రతనుగూర్చి ఈ వృత్తివారు ఆందోళన వెలిబుచ్చిరి. ఏ శాసనము వచ్చినను, ఏ రూపమున వచ్చినను, నేర్చుకొను బాలునికి 2021లో నిచ్చిన స్వేచ్ఛ ఇసుమంతయు తగ్గరాదని మేము గట్టిగా కోరుచున్నాము. దొంగకు వేయవలసిన సంకెల విద్యార్థికి వేయరాదు.

ఇంత చెప్పి, ఎగురవేయువారికి మేము మందలింపుగా చెప్పవలసినది యొకటి కలదు. ఆకాశము తెఱచియున్నదని పొరుగింటి పెరడు తెఱచియున్నట్లు గాదు. డాబాపై తలయారబెట్టుకొను స్త్రీ, రేవున స్నానమాడు యాత్రికుడు, మంచముపై పడియున్న రోగి, వీరి యనుమతి లేనిదే వీరి చిత్రమును తీయు కన్ను దొంగకన్నే. వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని 2017 ఆగష్టు 24న సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల పీఠము ఏకగ్రీవముగా ప్రకటించినది. న్యాయస్థానము చెప్పకున్నను మన మర్యాద చెప్పవలసిన మాట యది. ఒక్కని యసభ్యతచే నూఱుగురి స్వేచ్ఛకు ముప్పు వచ్చును. ఎగురవేయువారే ఒకరినొకరు అదుపులో నుంచుకొనవలెను.

కావలసిన దేమి? ప్రతి కళాశాలయును తన మైదానమున వారమున కొకదినమైనను ఈ పనికి విడువవలెను. ప్రతి పట్టణ గ్రంథాలయమునను వార్తాపత్రికల బల్లప్రక్కన ఇంకొక బల్ల, దానిపై టంకము పెట్టు సాధనము, ఒక కంప్యూటరు, కొన్ని విడిభాగములు నుంచవలెను. గ్రంథాలయోద్యమమును నడిపిన ఆంధ్రులకు ఇది క్రొత్తపని గాదు. ఒక్కనికి భారమైన ఖర్చు పదుగురు పంచుకొన్నచో తేలికయగును. పురపాలకసంఘములు ఊరిబయట జనసంచారము లేని స్థలమును చూపవలెను. పోలీసు అధికారులు నియమములను చదివి, ఏది నేరమో ఏది కాదో తెలిసికొనిన పిమ్మటనే బాలుర యంత్రములపై చేయివేయవలెను. తలిదండ్రులు పండుగకు కొనియిచ్చు సిద్ధపు బొమ్మకు బదులుగా విడిభాగములను కొనియియ్యవలెను. అది మొదటివారము ఎగురదు, రెండవవారము పడిపోవును, మూడవవారము నిలుచును. ఆ మూడువారముల ఓర్పు తలిదండ్రులకు లేనిచో బిడ్డకెట్లు వచ్చును?

యువకులారా! మీలో ప్రతివాడును సంస్థలు స్థాపింపవలెనని మేము కోరుట లేదు. మీరు తీయు చిత్రములు లోకప్రసిద్ధములు గావలెననియు కోరుట లేదు. మీ యూరి చెఱువును, మీ యూరి పొలములను, మీరు కట్టిన కంటితో ఒక్కసారి పైనుండి చూడుడు. పూడిన కాలువ, ఆక్రమింపబడిన కట్ట, తెగిన గట్టు అపుడు మీకు కనబడును. కనబడిన పిమ్మట ఊరకుండుట మీకు కష్టమగును. కొన్న రెక్కలు వానిని చేసినవాడు అనుమతించినంత దూరమే ఎగురును. కట్టిన రెక్కలు విఱిగినను మఱల కట్టుకొనవచ్చును. ఈ రెండింటిలో ఏది కావలెనో నేడే నిర్ణయించుకొనుడు. నిర్ణయించుకొని, ఉపన్యాసములు కట్టిపెట్టి, బల్లముందు కూర్చుండుడు.